తెర తీసేసి ఆట నడపడం: నా అనుభవం

కథ నడుపుతూ రాక్షసుల తరఫున ఆడే గేమ్ మాస్టర్ ముందు, తన కాగితాలూ డైసూ (పాచికలు) చాటున ఉంచుకునే స్క్రీన్ ఉండాలని నాకెవరూ చెప్పలేదు. ఒక్కొక్కరూ ఒక్కో క్యారెక్టర్‌గా ఆడే డన్జన్స్ అండ్ డ్రాగన్స్ అనే కథల ఆటను నాకు నేర్పినవాళ్ల ముందు ఉండేది కాబట్టి నేనూ పెట్టుకున్నాను. నాలుగు మడతల అట్ట. ప్లేయర్ల వైపు డ్రాగన్ బొమ్మ, నా వైపు పట్టికలు: ఇరవై ముఖాల డై వేస్తే తేలిక పనికి మొత్తం కనీసం 10 రావాలి, మధ్యరకానికి 15, కష్టమైనదానికి 20, కిందపడినవాడి మీద దాడి చేస్తే ఏమవుతుంది, ఇలాంటివి. ఆట 1974లో వచ్చింది. ఆ దశాబ్దం ముగిసేలోపే ఇలాంటి అట్టలు అచ్చై అమ్మకానికి వచ్చేశాయి. అంత పాత అలవాటును ఎందుకని ఎవరు అడుగుతారు?

నన్ను అడిగించింది ఒక ఓగర్, అంటే భారీ రాక్షసుడు. ఓ పోరాటంలో అది విజార్డ్ (మంత్రగాడి క్యారెక్టర్) మీద విసిరిన దెబ్బలన్నీ వరసగా తప్పిపోయాయి. స్క్రీన్ వెనక నేను వేసిన డైస్ అలాగే పడ్డాయి, ఉన్నదున్నట్టే చెప్పాను. ఆట అయ్యాక విజార్డ్ ఆడే అమ్మాయి దగ్గరికొచ్చి, "థాంక్స్ అన్నా, నా క్యారెక్టర్‌ని బతకనిచ్చావు" అంది. నేనేమీ చేయలేదన్నాను. నవ్వింది. పక్కనున్నవాళ్లూ నవ్వారు. ఎంత చెప్పినా ఒక్కరూ నమ్మలేదు.

వాళ్లను తప్పుపట్టలేను. ఈ ఆటలో గేమ్ మాస్టర్‌కోసం వచ్చిన 2014 నాటి డన్జన్ మాస్టర్స్ గైడ్‌లోనే ఈ వెసులుబాటు ఉంది. స్క్రీన్ వెనక డైస్ వేస్తే కావాలనుకున్నప్పుడు ఫలితం మార్చుకోవచ్చని, కాకపోతే తరచూ మార్చవద్దని, మార్చినట్టు తెలియనివ్వవద్దని రాసి ఉంటుంది. ఆ పేజీ మా ప్లేయర్లు కూడా చదివారు. తెలియనివ్వకూడని సంగతి అందరికీ తెలిశాక ఇక నేను నిజం చెప్పినా ఒకటే, అబద్ధం చెప్పినా ఒకటే. వాళ్ల గెలుపు నా దయ అనుకుంటారు, వాళ్ల చావు నా కోపం అనుకుంటారు. డైస్ మార్చే గేమ్ మాస్టర్లంటే నాకు చిన్నచూపేం లేదు. కథ బాగుండాలనే మార్చేవాళ్లే ఎక్కువ. కానీ మార్చనివాడికి కూడా ఆ అనుమానం అంటుకోవడమే నాకు నచ్చలేదు.

తీసేసే ముందు, అసలు ఆ అట్ట వెనక ఏమేం దాస్తున్నానో చూసుకున్నాను. పట్టికలు దాచక్కర్లేదు, ఎక్కువగా వాడేవాటిని ఒక కాగితం మీదికి ఎక్కించి బల్ల మీదే పెట్టాను. నోట్సు క్లిప్‌బోర్డుకు పెట్టి ఒళ్లోకి తీసుకున్నాను. మ్యాప్ బల్ల మీద పరచడం మానేసి, వాళ్లు అడుగుపెట్టిన గదిని అప్పటికప్పుడు గీసి చూపించడం మొదలుపెట్టాను. మిగిలింది రాక్షసుల హిట్ పాయింట్లు, అంటే ఎన్ని దెబ్బలకు పడిపోతారో చెప్పే అంకె. వీటికి నాకు దొరికిన ఉపాయం ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది: ఉన్నదాంట్లోంచి తీసేస్తూ పోకుండా, తగిలిన దెబ్బలను సున్నా నుంచి కూడుకుంటూ పోవడం. 59 హిట్ పాయింట్ల ఓగర్‌కి 31 తగిలాయని నా కాగితం మీద ఎవరైనా చూసినా నష్టం లేదు. ఆ 31 కొట్టింది వాళ్లే, వాళ్లకు తెలిసిందే. 59 అనే అంకె మాత్రం ఒళ్లో ఉన్న కాగితంలో ఉంటుంది.

ఇక డైస్ బల్ల మధ్యలోకి వచ్చాయి.

విచిత్రం ఏమిటంటే, ముందు చిక్కొచ్చింది పోరాటాల్లో కాదు, వెతుకులాటల్లో. రహస్యపు తలుపు ఉందేమో చూస్తానని ఒకడు డై వేస్తాడు, 3 పడుతుంది. "ఏమీ కనిపించలేదు" అంటాను. 3 పడింది కాబట్టే కనిపించలేదని వాడికి తెలుసు, కాబట్టి పక్కవాడు "నేనూ చూస్తా" అంటాడు. ఎదుటివాడు అబద్ధమాడుతున్నాడా అని కనిపెట్టాలన్నా ఇదే గొడవ. ఇది ఊహించని చిక్కేం కాదు, పెద్ద ఆటలన్నీ దీన్ని ఎదుర్కొన్నవే. పాత్‌ఫైండర్ 2019 ఎడిషన్‌లో కొన్ని పరీక్షలకు సీక్రెట్ అని ముద్ర ఉంటుంది, వాటిని ప్లేయర్ బదులు గేమ్ మాస్టరే చాటుగా వేస్తాడు. కాల్ ఆఫ్ కథుల్హులో ఎదుటివాడి మనసు చదివే సైకాలజీ స్కిల్‌కి కూడా కీపర్ (అక్కడి గేమ్ మాస్టర్) అలా చాటుగా వేయడం ఉంది. మా ఆటలో ప్యాసివ్ పర్సెప్షన్, అంటే వెతక్కుండానే క్యారెక్టర్ ఎంత గమనిస్తుందో చెప్పే అంకె, కొంత ఆదుకుంది. 10కి క్యారెక్టర్ బోనస్ కలిపితే అదే ఫలితం, డై వేసే పనే లేదు.

అది సరిపోనిచోట గ్లాసు పట్టుకొచ్చాను. రంగు గ్లాసు, లోపలిది కనిపించదు. ప్లేయరే డైని గ్లాసులో వేసి గిలకొట్టి బల్ల మీద బోర్లిస్తాడు. నేనొక్కణ్నే అంచు ఎత్తి చూసి, జవాబు చెప్పి, మళ్లీ మూసేస్తాను. గ్లాసు అక్కడే ఉంటుంది. అసలు సంగతి కథలో బయటపడ్డాక గ్లాసు ఎత్తేస్తాం. "ఆ వర్తకుడు నిజాయితీపరుడే" అని గంటసేపు వాదించిన మా పాతకాపు, గ్లాసు కింద 2 చూసుకుని వేసిన కేక నాకింకా గుర్తుంది. స్క్రీన్ వెనక వేసి ఉంటే ఆ కేక ఉండేది కాదు.

పోరాటాల సంగతి. మరో కథలో, ఇంకా బలం పెరగని కొత్త ఫస్ట్ లెవెల్ క్యారెక్టర్లతో, మళ్లీ ఓగరే, మళ్లీ ఆ అమ్మాయి విజార్డే. ఆమెకున్నవి 7 హిట్ పాయింట్లు. బల్ల మధ్యలో 20 పడింది. 20 అంటే క్రిటికల్, దెబ్బకు వేసే డైస్ రెట్టింపవుతాయి కాబట్టి ఎనిమిది ముఖాల డైస్ రెండు కాదు, నాలుగు. వాటి మొత్తం 17, దానికి 4 కలిపితే 21. సున్నాకి దించగా ఇంకా 14 మిగిలాయి, అది ఆమె మొత్తం హిట్ పాయింట్లకంటే ఎక్కువ కాబట్టి నియమం ప్రకారం అక్కడికక్కడే చావు. ఈ లెక్క నేను చేయలేదు. నేను నోరు తెరిచేలోపు వాళ్లే చేసేశారు. నా ముఖం వైపు ఎవరూ చూడలేదు, అందరి చూపూ డైస్ మీదే.

ఆ తర్వాత వాళ్ల ఆట మారింది. అంతకుముందు మావాళ్లు ఏ పోరాటం నుంచీ పారిపోయిన పాపాన పోలేదు. ఇప్పుడు లోపలికి వెళ్లేముందే వెనక్కి వచ్చే దారి అడుగుతున్నారు. నా పనీ మారింది. దెబ్బ పడ్డాక సర్దడం కుదరదు కాబట్టి సర్దుబాటంతా ముందే ఉండాలి. నా రాక్షసులకిప్పుడు చంపడం కాక వేరే కోరికలుంటాయి: బందీలు కావాలి, గుర్రాలు కావాలి, లేదా సగం మంది పడిపోగానే పారిపోవాలనిపించాలి. నిజం చెప్పాలంటే ఇది డైస్ మార్చడం కంటే కష్టమైన పని.

అపొకలిప్స్ వరల్డ్ లాంటి ఆటల్లో గేమ్ మాస్టర్ అసలు డైసే వేయడు, అక్కడ ఈ తర్జనభర్జనే ఉండదు. భయపెట్టే కథలకు మాత్రం నేను అట్టను మళ్లీ తెస్తాను, చేతికివ్వాల్సిన ఉత్తరాలూ బొమ్మలూ దాచడానికి. డైస్ అప్పుడు కూడా దానికి ఇవతలే.

ఈ పద్ధతి అందరికీ నచ్చిందని చెప్పను. డైస్ కళ్లెదుటే ఉంటే 14కి దెబ్బ తగిలింది, 12కి తగల్లేదు అని చూసి, దాడి డైకి కలిపే రాక్షసుడి బోనస్ ఎంతో మా పాతకాపు రెండు రౌండ్లలో తేల్చేస్తాడు. కత్తి కలిపినవాడికి ఎదుటివాడి బలం ఆమాత్రం తెలియడం సహజమేనని నా వాదన. విజార్డ్ అమ్మాయి ఒప్పుకోదు. చావును డైస్‌కి వదిలేయడం ఆమెకు సమ్మతమే కానీ, అంకె తెలిశాక రాక్షసుడు రాక్షసుడిలా అనిపించడంటుంది. కథ చివర్లో వచ్చే విలన్ వరకైనా అతని దాడులు గ్లాసు కింద వేయాలని, పోరాటం ముగిశాకే బోనస్ చెప్పాలని పట్టుబట్టింది. గ్లాసుకు సరేనన్నాను. మధ్యలో అనుమానం వస్తే అంచు ఎత్తి చూసే హక్కు ఎవరికుండాలన్న దగ్గర పాతకాపూ ఆమె ఇంకా వాదించుకుంటున్నారు.