నేను నడిపే బస్సుకు రీకాల్ వచ్చింది

మా స్కూల్ బస్ యార్డులో డ్రైవర్ల గది గోడ మీద, రూటు షీట్ల పక్కన ఒక కాగితం అతికించారు. మా బస్సుల్లో కొన్నింటికి సేఫ్టీ రీకాల్ (తయారీలో ఉన్న లోపాన్ని సరిచేయడానికి కంపెనీ బండ్లను వెనక్కి పిలవడం) వచ్చిందని, ఇంధనం లీకయ్యే అవకాశం ఉందని, విడిభాగాలు వచ్చేదాకా రోజూ బయల్దేరేముందు చేసే ప్రీ ట్రిప్ తనిఖీలో ఆ చోటు ప్రత్యేకంగా చూడమని రాసుంది. కింద బస్సు నంబర్లు. నేను రోజూ నడిపే బస్సు నంబరూ అందులో ఉంది.

అమెరికాలో స్కూల్ బస్సు నడిపే తెలుగువాళ్లు నాకు తెలిసి తక్కువే. ఆ బస్సులెక్కే మన పిల్లలు మాత్రం చాలామంది. అందుకే డ్రైవరు సీట్లోంచి నాకు కనిపించేది రాస్తున్నాను.

మా గరాజ్‌లో డీజిల్ ఇంజన్లతోనే తలపండిన మెకానిక్ ఒకాయన ఉన్నాడు. అడగ్గానే బస్సును లిఫ్టు మీదకెత్తి, నన్ను కిందకు పిలిచి చూపించాడు. ట్యాంకు నుంచి ఇంజనుకు వెళ్లే గొట్టం ఒకటి, మిగిలిన ఇంధనాన్ని వెనక్కి తెచ్చే రిటర్న్ గొట్టం ఇంకొకటి. గొట్టం ఎక్కడైనా ఒక బ్రాకెట్‌ను ఆనుకుని ఉందంటే, బండి నడిచినంతసేపూ ఆ రెండూ రాసుకుంటూనే ఉంటాయి. పైపొర అరుగుతుంది, లోపలి అల్లిక బయటపడుతుంది, ముందు చెమ్మ కనిపిస్తుంది, తర్వాత చుక్క పడుతుంది. ఫ్యాక్టరీలో ఫిట్టింగ్ సరిగా బిగించకపోయినా ఇదే జరుగుతుంది, కాకపోతే ఇంకా త్వరగా.

"డీజిలే కదా, పెట్రోల్లా అంటుకోదు" అని కొత్తగా చేరిన డ్రైవర్లు అంటుంటారు. నేల మీద ఒలికిన డీజిల్ విషయంలో అది నిజమే. దాని ఆవిరి అంటుకోవాలంటే 50 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కాలి. కానీ ఒత్తిడి ఉన్న గొట్టానికి సన్నటి చిల్లు పడితే డీజిల్ చుక్కలుగా కారదు, తుంపరగా చిమ్ముతుంది. ఆ తుంపర, ఇంజనులోకి గాలిని నెట్టే టర్బో మీద పడితే నిప్పురవ్వ కూడా అక్కర్లేదు. సుమారు 210 డిగ్రీల దగ్గర డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. నిండు బస్సు ఎత్తు ఎక్కుతున్నప్పుడు టర్బో అంతకు రెట్టింపు పైగా కాగిపోయి ఉంటుంది. ప్రొపేన్ బస్సుల సంగతి వేరు. ఆ గ్యాసు గాలికన్నా బరువు, పైకి పోకుండా కిందే పేరుకుంటుంది. వాసన కోసం దాంట్లో మెర్కాప్టాన్ కలుపుతారు కాబట్టి ముందు ముక్కుకే తెలుస్తుంది.

తెల్లవారకముందే టార్చి పట్టుకుని బస్సు చుట్టూ తిరుగుతాను. తడి తారు మీద డీజిల్ రంగురంగుల పొరలా తేలుతుంది, దాన్ని పట్టుకోవడం తేలిక. పాత ఆయిల్ మరకల మధ్య కొత్త మరకను గుర్తుపట్టడమే కష్టం. అందుకే ఆ కాగితం వచ్చినప్పటి నుంచి రాత్రి బస్సు ఆపాక కింద పెద్ద అట్ట ఒకటి పరిచి వెళ్తున్నాను. పొద్దున ఆ అట్ట చూస్తే చాలు.

ఒకరోజు అట్ట మీద ఏమీ లేదు కానీ ఇంజను స్టార్ట్ చేశాక వాసన వచ్చింది. ఆపేసి, ఫారంలో రాసి, స్పేర్ బస్సు తీసుకున్నాను. రూటు ఆలస్యమైంది. పిల్లలు చలిలో నిలబడ్డారని ఆఫీసుకు ఫోన్లు వచ్చాయి, తల్లిదండ్రుల కోపం నాకు అర్థమవుతుంది. అయినా అలాంటి వాసన వస్తే రేపు కూడా అదే చేస్తాను.

మొన్న ఒక స్టాపులో మన తెలుగు అమ్మాయే, కొడుకును ఎక్కిస్తూ అడిగింది: "అక్కా, రీకాల్ అంటున్నారు, మన బస్సేనా? మాకు లెటరేమీ రాలేదే?"

రాదు. లోపం ఉందని తేల్చుకున్నాక తయారీదారు 5 పనిదినాల్లో ఫెడరల్ రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకు చెప్పాలి, 60 రోజుల్లో యజమానికి ఉత్తరం వేయాలి. ఇక్కడ యజమాని అంటే స్కూల్ డిస్ట్రిక్టో, బస్సులు నడిపే కాంట్రాక్టరో. బస్సులో కూర్చునే పిల్లవాడి ఇంటికి ఉత్తరం వేయమని ఏ నియమమూ చెప్పదు. విడిభాగం సిద్ధంగా లేకపోతే ముందు ఒక ఉత్తరం, సిద్ధమయ్యాక ఇంకొకటి వస్తాయి. ఆ రెండు ఉత్తరాల మధ్య కాలమే నన్ను భయపెడుతుంది.

ఈ భయం ఊరికే వచ్చింది కాదు. 1988 మే 14న కెంటకీలో క్యారల్‌టన్ దగ్గర, ఇంటర్‌స్టేట్ 71 మీద, తాగి ఎదురుదిశలో వచ్చినవాడు ఒక చర్చి బస్సును గుద్దాడు. అది ఒకప్పటి స్కూల్ బస్సే. ఇంధన ట్యాంకుకు చిల్లు పడి మంటలు లేచాయి. 27 మంది చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే. వాళ్లను చంపింది గుద్దుడు కాదు, మంట, పొగ. పెద్ద స్కూల్ బస్సులకు ఇంధన వ్యవస్థ ప్రమాణం 1977 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఆ బస్సు ఛాసిస్, అంటే కింది చట్రం, అంతకు కొద్ది రోజుల ముందే తయారైంది. శిక్షణలో ఈ తేదీలు విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

ఇప్పటి ప్రమాణం ప్రకారం 4,000 పౌండ్ల బరువును గంటకు 30 మైళ్ల వేగంతో బస్సుకు ఎక్కడ గుద్దించినా, కదలిక ఆగేలోపు 28 గ్రాములకు మించి ఇంధనం కారకూడదు. ఆ తర్వాతి 5 నిమిషాల్లో 142 గ్రాములు దాటకూడదు. మంచి ప్రమాణమే. కానీ అది పరీక్షించేది గుద్దుకున్నప్పటి సంగతి. బ్రాకెట్‌కు రాసుకుంటూ నెలల తరబడి అరిగే గొట్టాన్ని పట్టుకోవాల్సింది మెకానిక్, డ్రైవరు, రీకాల్.

ఇంకో విషయం నాకు మింగుడు పడదు. 2004లో కాలిఫోర్నియాలో రేచల్, జాక్లిన్ హౌక్ అనే అక్కచెల్లెళ్లు అద్దె కారులో చనిపోయారు. పవర్ స్టీరింగ్ ద్రవం లీకై మంట పుట్టవచ్చని ఆ కారుకు అప్పటికే రీకాల్ ఉంది, మరమ్మతు మాత్రం జరగలేదు. వాళ్ల పేరుతోనే 2015లో చట్టం వచ్చింది. అద్దె కంపెనీలు రీకాల్ పని పూర్తికాని కారును అద్దెకివ్వకూడదు. అయితే అది 10,000 పౌండ్ల లోపు వాహనాలకే. నేను నడిపే బస్సు దాని పరిధిలోకి రాదు. మంట పుట్టించే లోపాలకైనా ఈ నియమం స్కూల్ బస్సులకు పెట్టాలి. విడిభాగం రాలేదంటే ఆ బస్సు యార్డులోనే ఉండాలి, స్పేర్ బస్సులు చాలకపోతే రూట్లు కలపాలి.

అంతవరకూ మీరు చేయగలిగేది ఉంది. ట్రాన్స్‌పోర్టేషన్ ఆఫీసుకు ఈమెయిల్ రాయండి, ఫోన్ కన్నా రాసిందానికి జవాబు త్వరగా వస్తుంది. మా పిల్లల బస్సు నంబరు రీకాల్‌లో ఉందా, మరమ్మతు తేదీ ఎప్పుడు, అప్పటిదాకా ఏం చూస్తున్నారు అని అడగండి. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైటులో బస్సు కంపెనీ, మోడల్, సంవత్సరం కొట్టి రీకాళ్లు చూడొచ్చు. విన్ నంబరుతో, అంటే ఒక్కో బండికి విడిగా ఉండే గుర్తింపు సంఖ్యతో, వెతికే సౌకర్యం కల్పించాలన్న నియమం చిన్న వాహనాలు, మోటార్ సైకిళ్లకే కాబట్టి, పెద్ద బస్సు విన్ నంబరుతో డీలరునే అడగమని ఆఫీసుకు చెప్పండి. పిల్లల్ని కూడా ఒక మాట అడగండి: వెనక తలుపు ఎలా తెరుస్తారో తెలుసా, దిగాక 100 అడుగుల దూరం వెళ్లి నిలబడాలని తెలుసా అని. నా బస్సులో పెద్దపిల్లలు కొందరికి ఆ తలుపు తెరవడం నేర్పించాను. చిన్నవాళ్లను చేయి పట్టి దింపడం కూడా వాళ్ల పనే.

మా డిస్ట్రిక్టులో ఒక తల్లి అలా రాశాకే బస్సు నంబర్ల జాబితా తల్లిదండ్రులకూ పంపారు. నా బస్సు గురువారం గరాజ్‌కు వెళ్తోంది. గొట్టం మార్చినట్టు ఇచ్చే కాగితం నకలు తీసుకుని బస్సులోనే పెట్టుకుంటాను, ఏ స్టాపులో ఎవరడిగినా చూపిస్తాను.