నోటి క్యాన్సర్ కణితిలో వైరస్ ఆర్‌ఎన్‌ఏ కోసం వెతికిన నా అనుభవం

శస్త్రచికిత్సలో తీసిన నోటి క్యాన్సర్ కణితుల్లో హెచ్‌పీవీ-16 (కొన్ని క్యాన్సర్లకు కారణమయ్యే హ్యూమన్ పాపిలోమా వైరస్‌లో ఒక రకం) పని చేస్తోందా లేదా అన్నది తేల్చడమే నా పరిశోధన. మా దగ్గరికి వచ్చే రోగుల్లో ఎక్కువమంది గుట్కా, ఖైనీ వాడినవారు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చే పెద్దవయసు స్త్రీలలో కొందరికి చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఉండటంతో, పుండు అంగిలి మీదే కనిపించేది. ఇలాంటి నోటిలో వైరస్ డీఎన్‌ఏ దొరికినంత మాత్రాన క్యాన్సర్‌కు అదే కారణమనలేము, ఎందుకంటే వైరస్ అక్కడ ఊరికే చేరి ఉండవచ్చు. వైరస్‌కు చెందిన ఈ6, ఈ7 అనే జన్యువుల నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారవుతున్నప్పుడే అది కణం మీద పెత్తనం చేస్తున్నట్టు. ఆ ఆర్‌ఎన్‌ఏ ఆధారంగా తయారయ్యే ఈ6 ప్రోటీన్ మన కణంలోని పీ53 అనే ప్రోటీన్‌ను నాశనం చేయిస్తుంది, ఈ7 ఆర్‌బీ అనే ప్రోటీన్‌ను కట్టిపడేస్తుంది. కణ విభజనను అదుపులో ఉంచే పీ53, ఆర్‌బీ రెండూ పోతే కణం పెరుగుతూనే ఉంటుంది.

ఎథిక్స్ కమిటీ అనుమతి, రోగుల అంగీకార పత్రాలు పూర్తయ్యాక అసలు పని మొదలైంది. పాథాలజీ వైద్యులు రోగ నిర్ధారణకు కావలసినంత తీసుకున్నాక, మిగిలిన బియ్యపుగింజంత ముక్కను ఆపరేషన్ థియేటర్ దగ్గరే ఆర్‌ఎన్‌ఏ చెడిపోకుండా కాపాడే ఆర్‌ఎన్‌ఏ లేటర్ ద్రావణంలో వేసేదాన్ని. ఆర్‌ఎన్‌ఏను ఛిద్రం చేసే ఎంజైములు మన చర్మం మీద, లాలాజలంలో కూడా ఉంటాయి కనుక, గ్లౌజులు మార్చకుండా ట్యూబు మూత తీయనిచ్చేవారు కాదు మా మేడమ్. ఆ ముక్కను కణాలను కరిగించే ట్రైజాల్ ద్రావణంలో నూరి, క్లోరోఫాం కలిపి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే అడుగున గులాబీ రంగు పొర, మధ్యలో పలుచని తెల్లని తెర, పైన రంగులేని నీరు విడివడతాయి. ఆర్‌ఎన్‌ఏ ఉండేది ఆ పై నీటిలోనే. తెల్లని తెరలో డీఎన్‌ఏ ఉంటుంది కాబట్టి, పిపెట్ కొన దానికి తగలకుండా పై నీటిలో కొంత వదిలేసి మరీ తీయాలి.

అయినా కొద్దిపాటి డీఎన్‌ఏ వచ్చేస్తుంది. అందుకే డీఎన్‌ఏను తెగ్గొట్టే డీఎన్‌ఏజ్ ఎంజైముతో శుద్ధి చేసి, ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏ నకలుగా మార్చే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ఎంజైము వేయని ఒక ట్యూబును ప్రతి నమూనాకూ జతగా నడిపేదాన్ని. నకళ్లను పెంచి జెల్ మీద నడిపినప్పుడు అందులో కూడా బ్యాండు (గీత) వస్తే, అది మిగిలిపోయిన డీఎన్‌ఏ నుంచి వచ్చినదే కనుక ఆ ఫలితాన్ని నమ్మకూడదు. నాకు అన్నిటికన్నా నచ్చిన ఆధారం వేరే ఉంది. ఈ6 ఆర్‌ఎన్‌ఏలో 226, 409 స్థానాలు అతుక్కున్న రూపం ఒకటి ఉంటుంది, మధ్యనున్న 182 అక్షరాలు అందులో తెగిపోతాయి. డీఎన్‌ఏలో ఆ భాగం అలాగే ఉంటుంది కనుక, జెల్ మీద పొట్టి బ్యాండు వచ్చిందంటే అది ఆర్‌ఎన్‌ఏ నుంచి వచ్చినదే.

డీఎన్‌ఏ పరీక్షలో పాజిటివ్ వచ్చిన ఒక అంగిలి నమూనాలో ఆ పొట్టి బ్యాండు రాలేదు. నాలుక మొదలు నుంచి తీసిన మరొక నమూనాలో, పోలిక కోసం పక్క వరుసలో పెట్టిన కాస్కి కణాలతో (హెచ్‌పీవీ-16 ఉన్న గర్భాశయ ముఖ క్యాన్సర్ కణాలు) సమానమైన ఎత్తులో స్పష్టంగా వచ్చింది. ఆర్‌బీ అదుపు తప్పిన కణంలో పీ16 అనే ప్రోటీన్ పేరుకుంటుంది కనుక ఆ రెండో కణితి మైనపు దిమ్మె నుంచి పలుచని కోత తీయించి పీ16 ఉన్నచోట రంగు పట్టే స్టెయినింగ్ చేయించగా, కణితి కణాలు కేంద్రకంతో సహా గోధుమ రంగుకు తిరిగాయి. డీఎన్‌ఏ ఒక్కదాన్నే చూసి ఉంటే ఈ ఇద్దరు రోగులనూ ఒకే గడిలో రాసేవాళ్లం. ఇప్పుడు మా పట్టికలో ఆర్‌ఎన్‌ఏకు విడిగా గడి ఉంది, అది నిండకుండా ఏ నమూనానూ వైరస్ ఖాతాలో వేయడం లేదు.