ఎపిక్ అంటే "పెద్దది" కాదు ఫ్రెండ్స్, నా ఫస్ట్ అటెంప్ట్ అక్కడే పోయింది

ఫ్రెండ్స్, రిజల్ట్ వచ్చింది, లిటరేచర్ పేపర్ క్లియర్! నిన్నటి నుంచి స్కోర్‌కార్డ్ ఎన్నిసార్లు ఓపెన్ చేసి చూసుకున్నానో లెక్కే లేదు.

సిలబస్, ప్యాటర్న్ మీకు తెలిసిందే కాబట్టి పోయిన అటెంప్ట్ గురించే చెప్తా. అప్పుడు నా నోట్స్‌లో ఎపిక్ అంటే పెద్ద పద్యం, గొప్ప హీరో, దేవతలు, యుద్ధం, మొదట్లో మ్యూజ్ (గ్రీకుల కవితా దేవత) ప్రార్థన, కథ మధ్యలోంచి మొదలవడం, అంతే, మొత్తం కంఠతా వచ్చు. అసర్షన్-రీజన్‌లో, అంటే ఒక మాట, దానికి కారణం ఇచ్చి సరిపోతాయా అనే ప్రశ్నల్లో, "ఎందుకు" అని అడిగేసరికి చెయ్యి ఆగిపోయింది, నాలుగు ఆప్షన్లూ కరెక్టే అనిపించాయి.

తర్వాత డిక్షనరీ తీస్తే ఆ పదం గ్రీకు "ఎపోస్" నుంచి వచ్చిందట, అంటే మాట, నోటితో చెప్పింది. పెద్దది అనే అర్థమే లేదు! హోమర్ గ్రీకు ఎపిక్ ఇలియడ్ మొదటి పుస్తకంలో హీరో అకిలీస్ అలిగి ఓడల పక్కన కూర్చుని ఉంటాడు, అక్కడ కూడా హోమర్ అతన్ని "వడిగల కాళ్లవాడు" అనే అంటాడు. కూర్చున్నవాడికి వడేంటి? అది ఛందస్సులో ఇమిడే రెడీమేడ్ ముక్క, పాడుతూ పాడుతూనే కథ కట్టేవాళ్లకి ఊపిరి. హోమర్ మీద పనిచేసిన అమెరికన్ పండితుడు మిల్మన్ ప్యారీ 1930లలో యుగోస్లావియా వెళ్లి రికార్డ్ చేసినవాళ్లలో చదువు రాని ఒక గాయకుడు ఒకే కథని 12 వేల పైచిలుకు లైన్లు నోటితో చెప్పి రాయించాడు. ఇది తెలిశాక ప్రైమరీ (నోటితో పుట్టింది), సెకండరీ (దాని పద్ధతిలో కవి కూర్చుని రాసింది) ఎపిక్ తేడా బట్టీ పట్టక్కర్లేకపోయింది. ఇంగ్లీష్ కవి మిల్టన్ ఎదురుగా వినేవాళ్ల గుంపు లేదు, అయినా మ్యూజ్‌ని పిలుస్తాడు, ఆ పద్ధతి కావాలని తెచ్చుకున్నాడు. అతని ప్యారడైజ్ లాస్ట్ 1667లో 10 పుస్తకాలు, 1674లో 12, రోమన్ కవి వర్జిల్ ఎపిక్ ఈనియడ్‌లోనూ 12. మనం కూడా ఎపిక్‌ని ఒకసారి ఇతిహాసం అంటాం ఒకసారి మహాకావ్యం అంటాం, కానీ "ఇతి హ ఆస" అంటే ఇలా జరిగిందట అని చెప్పడం, సంస్కృత అలంకారికుడు దండి చెప్పిన మహాకావ్యం సర్గలుగా కట్టింది, రెండూ ఒకటి కాదు.

ఒక్క పదం మీద మూడు వారాలా అని రూమ్మేట్ తిట్టాడు. వేస్ట్ కానే కాదు, పోయెట్రీ యూనిట్ మొత్తం దాంతోనే కదిలింది. ఊరికే పీడీఎఫ్‌లు పోగేసుకుంటే రాదు, రోజూ కూర్చోవాలి, టెక్స్ట్ తెరవాలి. మిగతా యూనిట్లకి పాత పేపర్లు, రివిజన్, అంతే.

ముందు ఇలియడ్ మొదటి పుస్తకం తీసి పైకి చదవండి, గ్రీకులో 611 లైన్లు, అందులో మొట్టమొదటి మాట "కోపం".