అమ్మ కిడ్నీ చేసిన తప్పేమీ లేదు

అమ్మ నాకు కిడ్నీ ఇచ్చి నాలుగు నెలలు నిండాయి. ఆ రోజు తెల్లవారుజామున చూసుకుంటే మూత్రం టీ డికాషన్ రంగులో ఉంది. మంట, వణుకు, 102 జ్వరం. సాయంత్రానికి దానిమ్మ రసంలా మారింది.

మాది శ్రీకాకుళం. ఇంటికి దగ్గరలో ఉన్న ఆసుపత్రికి వెళ్తే యూరిన్ ఇన్‌ఫెక్షన్ అన్నారు. కిడ్నీ మార్పిడి అయిందని రెండుసార్లు చెప్పాను. "ఆడవాళ్ళకి ఇది మామూలేనమ్మా" అని నాలుగు రోజులు యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు పొడిచారు. మూత్రాన్ని ల్యాబులో పెట్టి బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే కల్చర్ పరీక్షలో ఏదీ పెరగలేదని రిపోర్టు వచ్చాక కూడా అదే మందు. ఆ నాలుగు రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రక్తంలో క్రియాటినిన్ పెరిగిందంటే కిడ్నీ సరిగ్గా పనిచేయడం లేదని లెక్క. 1.1 ఉన్న నా క్రియాటినిన్ 2.8కి వెళ్ళింది. అప్పుడు కారు మాట్లాడుకుని, ఆపరేషన్ జరిగిన విశాఖ ఆసుపత్రికి పరిగెత్తాం.

స్కానింగులు, రక్తపరీక్షలు అన్నీ అయ్యాయి, అవి చెప్పనక్కర్లేదు. చెప్పాల్సింది ఒకటుంది. మార్పిడి అయినవాళ్ళకి క్రియాటినిన్ పెరిగితే ముందు అందరి అనుమానమూ రిజెక్షన్ మీదకే, అంటే కొత్త కిడ్నీని శరీరం పరాయిదని తిప్పికొడుతోందేమో అన్నదాని మీదకే పోతుంది. రిజెక్షన్ అయితే స్టిరాయిడ్ పెంచి శరీరం ఎదురుతిరగకుండా అణచాలి. వైరస్ అయితే శరీరం ఎదురుతిరగకుండా రోజూ వాడే మందులే తగ్గించి, వైరస్‌తో పోరాడేందుకు శరీరానికి ఊపిరి ఇవ్వాలి. పైకి కనిపించే లక్షణాలు దగ్గరదగ్గరగానే ఉంటాయి, వైద్యం మాత్రం ఒకటి తూర్పు, ఒకటి పడమర. మా పెద్ద డాక్టరుగారు స్టిరాయిడ్‌కి తొందరపడలేదు. "ఇంత రక్తం, ఇంత మంట, కల్చర్‌లో ఏమీ లేదు. వైరస్ చూద్దాం" అని వైరస్ జాడ పట్టే పీసీఆర్ పరీక్షకి పంపించారు. ఆ ఒక్క మాటకి ఆయనకి జీవితాంతం రుణపడి ఉంటాను.

మూడో రోజు సాయంత్రం రిపోర్టు వచ్చింది. ఎడినోవైరస్. ఆ పేరు అంతకుముందు ఒక్కసారే విన్నాను, 2023 మొదట్లో కలకత్తా ఆసుపత్రులు పసిపిల్లలతో నిండిపోయాయని టీవీలో చూపించినప్పుడు. మామూలు మనిషికి జలుబు, గొంతునొప్పి, కళ్ళకలక తెచ్చి వెళ్ళిపోయే వైరస్సే. కిడ్నీ నిలబడాలని మేం మింగే మాత్రలు దానికి తలుపులు తెరిచిపెడతాయి. అది మూత్రాశయంలో చేరితే రక్తం, అక్కడి నుంచి కొత్త కిడ్నీకి పాకితే కిడ్నీకే ముప్పు.

ఆ రాత్రి రెండు దాటాక, మూత్రం కోసం పెట్టిన గొట్టంలో చుక్క రావడం ఆగిపోయింది. లోపల రక్తం గడ్డకట్టి గొట్టం మూసుకుపోయింది. పొత్తికడుపు రాయిలా బిగిసింది. పురిటినొప్పులు పడ్డదాన్ని, వాటికంటే ఇదే ఎక్కువని చెప్పగలను. నైట్ డ్యూటీ సిస్టర్ పెద్ద సిరంజితో సెలైన్ లోపలికి పంపి వెనక్కి లాగుతూ ఉంది. ప్రతిసారీ నేరేడుపండు తొక్కల్లాంటి నల్లటి ముక్కలు ట్రేలో పడుతున్నాయి. గంటసేపు ఆ పిల్ల నడుం ఎత్తలేదు. "ఇంకొక్కటి అక్కా, ఇంకొక్కటే" అంటూనే ఉంది.

అప్పుడు వచ్చాడు డ్యూటీ డాక్టరు. ఫైలు తిరగేసి, పక్కనున్న కుర్ర డాక్టరుతో అన్నాడు: "డోనర్ కిడ్నీలోనే వచ్చి ఉంటుంది. మదర్ కదా డోనర్, పాత ఇన్‌ఫెక్షన్ ఏదో ఉండుంటుంది. ఈ గ్రాఫ్ట్ పోయినట్టే." గ్రాఫ్ట్ అంటే అమర్చిన కిడ్నీ. మా అమ్మ అక్కడే ఉంది, నా కాళ్ళు పట్టుకుని. ఆవిడకి ఇంగ్లీషు రాకపోవచ్చు. మదర్, డోనర్, ఇన్‌ఫెక్షన్ అన్న మాటలు తెలియనివాళ్ళు ఈ రోజుల్లో ఎవరున్నారు? నా కాళ్ళ మీది చేతులు మెల్లగా తీసేసుకుంది. తన చేతులకే ఏదో అంటుకున్నట్టు చీరకొంగుకి తుడుచుకుంది. నాకు ఆ నొప్పిలో కూడా అదే కనబడింది. ఆ డాక్టరు మీద నాకు కోపం తగ్గలేదు, తగ్గుతుందని అనుకోను కూడా.

మర్నాడు పెద్ద డాక్టరుగారు అమ్మని కూర్చోబెట్టి చెప్పారు. ఈ వైరస్‌ని 1953లో మొదట పట్టుకున్నది ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్ గ్రంథుల్ని కోసి తీసేస్తే వాటిలోనేనట, పేరు అందుకే వచ్చిందట. చిన్నప్పుడు దాదాపు అందరికీ సోకుతుంది, కొందరిలో ఏళ్ళ తరబడి అణిగి ఉంటుంది. నాలోదే లేచి ఉండొచ్చు, బయట నుంచి రావొచ్చు, కిడ్నీతోనూ రావొచ్చు. "ఎక్కడిదో తేల్చి చెప్పడం ఎవరి తరమూ కాదమ్మా. మీరిచ్చిన కిడ్నీ బంగారంలా పనిచేసింది, మళ్ళీ చేస్తుంది" అన్నారు.

బయట నుంచి అన్న మాట ఇంకొకరి మీద పడింది. అంతకు పది రోజుల ముందు అన్నయ్య కొడుకు కళ్ళకలకతో మా ఇంటికొచ్చాడు. వాడికి ఆరేళ్ళు. మా పెద్దత్త వాడి మొహం మీదే "నీ వల్లే మీ అత్తకి ఇలా అయింది" అనేసింది. వాడు రెండు రోజులు అన్నం తినలేదట. వదిన ఫోన్‌లో ఏడుస్తూ చెప్పింది. జబ్బుకి దోషిని వెతకడం ఎందుకు మనవాళ్ళకి?

వైద్యం విషయానికొస్తే, కిడ్నీ నిలబడాలని మింగే మాత్రల్లో మైకోఫెనోలేట్ పూర్తిగా ఆపేశారు, టాక్రోలిమస్ తగ్గించారు, జబ్బుతో పోరాడే యాంటీబాడీలుండే ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించారు. ఆ సీసాల కోసం మా ఆయన నా గాజులు తాకట్టు పెట్టాడు. సిడోఫోవిర్ అనే మందు ఉంది కానీ అదే కిడ్నీకి దెబ్బ అని, చివరి అస్త్రంగా పక్కన పెట్టారు. అది అవసరం పడలేదు. తొమ్మిదో రోజుకి మూత్రం లేత గులాబీ రంగు, పన్నెండో రోజుకి మామూలు రంగు. క్రియాటినిన్ మెల్లగా దిగి 1.4 దగ్గర నిలబడింది.

మార్పిడి చేయించుకున్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే నా మాట వినండి. జ్వరంతో పాటు ఎర్రటి మూత్రం వస్తే ఆపరేషన్ చేసిన డాక్టరుకే ఫోన్ చేయండి. కల్చర్‌లో ఏమీ రాకపోతే వైరస్ పరీక్ష చేస్తారా అని అడగండి, అడగడానికి మొహమాటపడకండి. మాత్రలు సొంతంగా మాత్రం తగ్గించుకోకండి, నాకు తగ్గించింది డాక్టర్లు, రోజూ రక్తం చూస్తూ. ఈ వైరస్ శానిటైజర్‌కి అంత తేలిగ్గా లొంగదు, సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

అమ్మ అరసవల్లి సూర్యనారాయణ స్వామికి ఏడు ఆదివారాలు మొక్కుకుంది. మందులు పనిచేశాయి, స్వామీ చూశాడు, నాకు రెండింటి మీదా నమ్మకమే. కానీ ఇప్పటికీ చెకప్‌కి వెళ్ళిన ప్రతిసారీ రిపోర్టు చేతికి రాగానే అమ్మ అడిగేది ఒకటే, "నా కిడ్నీ బాగానే ఉందా?" నేను ప్రతిసారీ అంకె చదివి వినిపిస్తాను.

మొన్న సంక్రాంతికి అన్నయ్యవాళ్ళు వచ్చారు. మేనల్లుడు గుమ్మం దాటలేదు. పెరట్లోకి పరిగెత్తి మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని, నీళ్ళు కారుతున్న చేతులతోనే వచ్చి నా ముందు నిలబడి, రెండు వేళ్ళతో కనురెప్పలు సాగదీసి చూపించాడు.

"అత్తా, తెల్లగానే ఉన్నాయి కదా? ఇప్పుడు నీ పక్కన కూర్చోవచ్చా?"