మెదక్ బస్సులో కిటికీ పక్క సీటు

బాలానగర్‌లో ఎక్కేసరికి బస్సు నిండిపోయింది. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు టికెట్ లేదు కదా, శనివారమైతే ఇక చెప్పక్కర్లేదు. ఆధార్ చూపిస్తే కండక్టర్ నా చేతిలో జీరో టికెట్ పెట్టాడు. మా ఆయన డబ్బులిచ్చి మరీ నర్సాపూర్ దాకా నిలబడ్డాడు. నాకు మాత్రం ఒక పెద్దావిడ జరిగి ముగ్గురి సీటులో చివర చోటిచ్చింది. ఆమె మధ్యలో, కిటికీ పక్కన ఆమె కోడలు.

అసలు ఈ ప్రయాణం నాకిష్టం లేదు. మాది గుంటూరు, లూథరన్ కుటుంబం. గుణదల మేరీమాత తిరునాళ్ళకు వెళ్ళి తలనీలాలిచ్చే పక్కింటివాళ్ళను చూసి "మనం మొక్కులు మొక్కం" అని గర్వంగా చెప్పుకునే ఇల్లు. అలాంటి మా అమ్మే, పిల్లల కోసం చేయించుకున్న రెండో ఐవీఎఫ్ చికిత్స కూడా పోయాక ఫోన్ చేసి, మెదక్ చర్చికి ఒక్కసారి వెళ్ళి ప్రార్థన చేసుకుని రండి అంది.

"దేవుడు కూకట్‌పల్లిలో లేడా అమ్మా?"

"ఉన్నాడులే. నువ్వే అక్కడ మాట్లాడటం మానేశావు."

అది నిజమే. రెండేళ్ళ క్రితం ఒక ఉపవాస ప్రార్థనలో బయటినుంచి వచ్చిన ప్రసంగీకుడొకాయన నా తల మీద చెయ్యి పెట్టి, వచ్చే ఏడాది ఈపాటికి నీ ఒడిలో కొడుకు ఉంటాడన్నాడు. బైబిల్లో ఎలీషా ప్రవక్త, పిల్లల్లేని షూనేమీయురాలికి చెప్పినట్టే. ఆ "వచ్చే ఏడాది" వచ్చి వెళ్ళింది. మళ్ళీ ఇంకోటి వచ్చి వెళ్ళింది. అడిగితే విశ్వాసం చాలలేదన్నారు. అప్పటినుంచి గుడికి వెళ్ళి పాటలైతే పాడుతున్నాను. ప్రార్థనకు తలొంచితే మాత్రం లోపల ఏమీ ఉండదు.

గండిమైసమ్మ దాటగానే పెద్దావిడ మొదలుపెట్టింది. "ఏడికి పోతున్రు బిడ్డా?"

"మెదక్ చర్చికి."

"మంచిదే. మేం ఏడుపాయల దుర్గమ్మ గుడికి. శివరాత్రి జాతరల నిలబడనియ్యరు, గందుకే ఇప్పుడు. పిల్లలెంతమంది?"

ఈ ప్రశ్న రాని ప్రయాణం ఒక్కటైనా చేసిన గుర్తు లేదు. "ఇంకా లేరు" అన్నాను. ఆ "ఇంకా" అనే మాటను ఏడేళ్ళుగా మోస్తున్నాను.

"పెండ్లయి ఎన్నేండ్లు?"

"ఏడు."

నాలుగు సీట్ల అవతలికి కూడా వినపడేలా, "మా కోడలుకు ఐదు. గందుకే అమ్మ కాడికి తోల్కపోతున్న" అంది. కోడలు కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పాతికేళ్ళుంటాయేమో. పెద్దావిడ సంచిలోంచి కాగితంలో చుట్టిన సర్వపిండి తీసి నాకో ముక్క పెట్టింది. తినబుద్ధి కాక, కాదనలేక, రుమాల్లో చుట్టి బ్యాగులో వేసుకున్నాను.

నర్సాపూర్ అడవి దగ్గర డ్రైవర్ కోతులను తప్పించబోయి బ్రేకు వేశాడు. ఆ పిల్ల ముందుకు తూలి, ముందు సీటు కమ్మీ పట్టుకుంది. పైట జరిగింది. బొడ్డుకు రెండువైపులా నీలం మచ్చలు. కొన్ని పచ్చబడుతున్నాయి, రెండు కొత్తవి. ఆ మచ్చలు నాకు తెలుసు. రోజుకొక సూది, ఒకరోజు కుడి, ఒకరోజు ఎడమ. బట్ట సర్దుకుంటూ నేను చూశానని చూసింది.

కాసేపటికి అత్తగారికి కునుకు పట్టింది. ఆవిడ వీపు వెనకనుంచి ఆ పిల్ల మెల్లగా అడిగింది.

"మీకు ఎన్నోసారి అక్కా?"

"రెండు అయ్యాయి. నీకు?"

"మొదటిది. ఇంకా తొమ్మిది దినాలుంది రక్తపరీక్షకు."

ఏం చెప్పను? అంతా మంచే జరుగుతుందని చెప్పొచ్చు. అది నాకు చెప్పినవాళ్ళ మొహాలు నాకింకా గుర్తే. "సూది వేశాక రుద్దకు. రుద్దితే ఇంకా నల్లబడుతుంది" అన్నాను. తలూపింది. మెదక్ దాకా మళ్ళీ మాట లేదు. బస్టాండులో దిగాక వాళ్ళు ఏడుపాయల బస్సు కోసం అటు, మేము ఇటు.

చర్చి అక్కడికి నడిచిపోయే దూరమే. ఎండకు భయపడి ఆటో ఎక్కితే వంద తీసుకున్నాడు. మా ఆయన దారంతా ఆ వంద గురించే. ఆవరణలోకి వెళ్ళి తలెత్తాక నోరు మూశాడు. 175 అడుగుల గోపురం. గుంటూరులో మా గుడే పెద్దదనుకునేదాన్ని చిన్నప్పుడు.

దీని కథ సండేస్కూల్లో విన్నదే. కరువు రోజుల్లో చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర ఆకలితో ఉన్నవాళ్ళకు పని కల్పించి కూలి ఇచ్చి కట్టించాడు. 1914లో మొదలైన పని 1924 క్రిస్మస్ నాటి ప్రతిష్ఠతో ముగిసింది. చెప్పులు బయట వదిలి లోపలికి వెళుతుంటే ఆయన మీద కొత్తగా గౌరవం కలిగింది. ఆకలితో వచ్చినవాళ్ళకు వచ్చే ఏడాది వానలు పడతాయని ప్రవచనం చెప్పి పంపలేదు. రాళ్ళు మోయించి అన్నం పెట్టాడు.

లోపల చల్లగా ఉంది. మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు: ఒకదాని మీద యేసు జననం, ఒకదాని మీద సిలువ, ఒకదాని మీద ఆరోహణం. పగటి వెలుగు ఉంటేనే ఆ బొమ్మలు కనపడతాయి. జననం కిటికీ కింద జనం ఫోటోలు దిగుతున్నారు. పశువుల తొట్టిలో పసిబిడ్డను చూస్తూ కూర్చునే ఓపిక నాకు లేదు. సిలువ వైపు మొహం పెట్టి కూర్చున్నాను.

బైబిల్లో పిల్లల్లేని హన్నా గురించి ఎన్ని ప్రసంగాలు విన్నానో. ఏడ్చింది, మొక్కుకుంది, శమూయేలు పుట్టాడు, ఆమేన్. మధ్యలో ఒక ముక్క దాటేస్తారు. ఇంకా ఏమీ జరగకముందే, ఆమె మొక్కుకున్న షిలోహు మందిరం దగ్గరే, ఆమె లేచి భోజనం చేసింది, మొహంలో దిగులు పోయింది. ఆ దిగులు ఎలా పోయిందన్నదే నాకు కావాల్సింది. అది ఎవరూ చెప్పరు.

తల వంచాను. నాకోసం అడుగుదామంటే ఎప్పటిలాగే ఖాళీ. ఆ నీలం మచ్చలు గుర్తొచ్చాయి. పేరైనా అడగలేదని అప్పుడు తట్టింది. పేరు లేకుండా ఎలా? ఎవరికో అడ్రసు చెప్పినట్టు చెప్పుకున్నాను: ప్రభువా, మెదక్ బస్సులో కిటికీ పక్కన కూర్చున్న పిల్ల, అత్తగారితో ఏడుపాయలకు వెళ్ళింది, ఇంకా తొమ్మిది రోజులుంది. రిపోర్టు ఎలా వచ్చినా ఆ పిల్లను ఒంటరిగా వదలకు. ఏడుపు ఎప్పుడొచ్చిందో తెలియదు. పక్క వరసలో ఒకాయన వింతగా చూశాడు. అక్కడి యాజకుడు ఏలీ కూడా ప్రార్థిస్తున్న హన్నాను చూసి తాగిందనుకున్నాడు కదా, చూడనీ అనుకున్నాను. ఆ పిల్ల గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ ఎక్కడ నా మాటల్లోకి దిగానో గమనించలేదు. ఎవరో వింటున్నట్టు మాట్లాడాను. రెండేళ్ళయింది అలా మాట్లాడి.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. ఒక్కసారిగా ఆకలేసింది. రుమాలు విప్పి సర్వపిండి సగం విరిచి మా ఆయనకిచ్చాను.

"కారం ఎక్కువైంది" అన్నాడు నములుతూ. "అంతసేపు ఏం ప్రార్థన చేశావు?"

"ఒకమ్మాయి కోసం."

"ఎవరు?"

"పేరు తెలీదు."

నీళ్ళ సీసా అందిస్తూ ఇంకేం అడగలేదు. నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఇవాళ శనివారం. తొమ్మిది రోజులంటే వచ్చే సోమవారం కాదు, ఆపై సోమవారం.