ట్యాంక్ మోటార్‌కి ఈఎస్‌పీ32 పెట్టిన నా అనుభవం

మొన్న ఆదివారంతో ఈ గొడవ తీరింది. మర్చిపోకముందే రాసేస్తున్నాను, ఎందుకంటే నేను వెతికినప్పుడు తెలుగులో నాకు ఒక్క ముక్క దొరకలేదు, ఇంగ్లీషులో దొరికినవాటిలో సగం తప్పుదారి పట్టించాయి.

నాది సీఎస్ఈ. ఉద్యోగం జావా. ఎలక్ట్రానిక్స్ మీద ఇష్టం మాత్రం చిన్నప్పటి నుంచీ ఉంది, కొనుక్కునే స్తోమత ఈ మధ్యే వచ్చింది. ఇల్లు హైదరాబాద్‌లో, ఈసీఐఎల్ దగ్గర. కింద సంపు, మూడో అంతస్తు మీద ట్యాంకు, ఒక హెచ్‌పీ మోనోబ్లాక్ మోటార్. మోటార్ వేసి మర్చిపోవడం, ట్యాంకు నిండి నీళ్ళు పక్కింటి గోడ మీదికి కారడం, వాళ్ళు గేటు దగ్గరికి వచ్చి అరవడం ఎప్పుడూ ఉండేదే. దీనికి ఆటోమేటిక్ కంట్రోలర్ బయట దొరుకుతుంది, కొనుక్కోవచ్చు. నేనే చేయాలనుకున్నాను.

మొదట్లో అంతా సాఫీగానే జరిగింది. ఆర్డుయినో ఊనో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు మీద ఎల్ఈడీ వెలిగించడం ఒక సాయంత్రం పని. బోర్డు లాప్‌టాప్‌కి కనబడకపోతే ముందు కేబుల్ మార్చండి, ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్స్ ఉంటాయి, వాటిలో డేటా వైర్లే ఉండవు. తర్వాత సీహెచ్340 డ్రైవర్ (బోర్డు మీది యూఎస్‌బీ చిప్‌ని లాప్‌టాప్ గుర్తించడానికి కావలసిన సాఫ్ట్‌వేర్) చూసుకోండి. వైఫై కావాలి కాబట్టి ఈఎస్‌పీ32 అనే ఇంకో చిప్ ఉన్న బోర్డుకి మారాను. ఊనోలో ర్యామ్ 2 కేబీ, ఇందులో 520 కేబీ, రెండు కోర్లు, పైగా వైఫై. కోడ్ రాసేవాడికి సొంతింటికి వచ్చినట్టే ఉంటుంది. పిన్నుల సంగతి మాత్రం ముందే తెలుసుకోవాలి. 6 నుంచి 11 వరకు ఫ్లాష్ మెమరీవి, ముట్టుకోవద్దు. 34 నుంచి 39 వరకు ఇన్‌పుట్‌కే పనికొస్తాయి. 0, 2, 5, 12, 15 బోర్డు బూట్ అయ్యేటప్పుడు చిప్ చూసుకునే పిన్నులు, రిలేకి (చిప్ ఇచ్చే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్) వాటిని వాడకపోవడమే మంచిది.

నీటి మట్టానికి జేఎస్ఎన్ ఎస్ఆర్04టీ అనే వాటర్‌ప్రూఫ్ అల్ట్రాసోనిక్ సెన్సర్ పెట్టాను. దానికి దాదాపు పాతిక సెంటీమీటర్ల లోపు ఉన్నది కనబడదు, అందుకని ట్యాంకు మూత కంటే కాస్త ఎత్తులో బిగించాలి. కొలత చెప్పే దాని ఎకో పిన్ నుంచి 5 వోల్టులు వస్తాయి, ఈఎస్‌పీ32 తట్టుకునేది 3.3 మాత్రమే, మధ్యలో 1కే, 2కే రెసిస్టర్లతో వోల్టేజ్ తగ్గించాలి. ఇదంతా ఎక్కడ చూసినా రాసి ఉంటుంది.

ఎక్కడా సరిగ్గా రాసి లేనిది మోటార్ సంగతి.

వీడియోల్లో అందరూ ఒక నీలం రంగు రిలే చూపిస్తారు, దాని మీద 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని ముద్ర ఉంటుంది, దానికి ఒక బల్బు తగిలించి వెలిగించి, ఇక మోటార్ కూడా ఇంతే అని చెప్పి వెళ్ళిపోతారు. అంతే కాదు. ఆ 10 ఆంపియర్లు బల్బు, హీటర్ లాంటి లోడ్లకి. మోటార్ స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలుగా లాగే కరెంటుకి ఐదారు రెట్లు లాగుతుంది. ఆ చిన్న రిలే కాంటాక్టులు అతుక్కుపోయాయంటే మోటార్ ఇక ఆగదు. అందుకని రిలేతో ఒక కాంటాక్టర్‌ని, అంటే మోటార్ కరెంటుని తట్టుకునే పెద్ద రిలే లాంటిదాన్ని, ఆన్ చేయాలి, కాంటాక్టర్ మోటార్‌ని నడపాలి. ఇది మా ఎలక్ట్రీషియన్ చెప్పాడు, సరిగ్గానే చెప్పాడు, బిగించిందీ ఆయనే. కాంటాక్టర్ కింద మోటార్ దగ్గర, నా బాక్స్ పైన మెట్ల గదిలో, మధ్యలో గోడలో ఉన్న పాత పైపులోంచి రెండు వైర్లు.

టేబుల్ మీద బల్బుతో అద్భుతంగా పనిచేసింది. మట్టం 30 శాతం కంటే తగ్గితే ఆన్, 95 దాటితే ఆఫ్. పైన బిగించి ఆన్ చేయగానే మొదలైంది. రిలే టక్కుమంటుంది, కింద కాంటాక్టర్ ధడేల్మంటుంది, ఆ క్షణంలోనే ఈఎస్‌పీ32 రీసెట్ అవుతుంది. రీసెట్ అయితే రిలే ఆఫ్, మోటార్ ఆఫ్. మళ్ళీ బూట్ అయి, నీళ్ళు తక్కువున్నాయని చూసి, మళ్ళీ ఆన్. మళ్ళీ రీసెట్. టక్, ధడేల్, టక్, ధడేల్, మోటార్ తిరగడానికి ప్రయత్నించి ఆగిపోతూ మూలుగుతుంటుంది. ఒక్కోసారి మాత్రం ఏమీ కానట్టు ట్యాంకంతా నింపేస్తుంది. ఆ ఒక్కోసారే మనిషిని చంపుతుంది.

కోడ్ రాసేవాడు ముందు చూసేది కోడ్‌నే. లాగ్‌లు పెట్టాను, వైఫై తీసేసి చూశాను, వాచ్‌డాగ్ (కోడ్ ఎక్కడైనా ఇరుక్కుంటే చిప్‌ని రీసెట్ చేసేది) చూశాను, మెమరీ చూశాను. రీసెట్ కారణం ప్రింట్ చేస్తే కొన్నిసార్లు బ్రౌనౌట్, అంటే వోల్టేజ్ పడిపోయింది, అని వస్తోంది, ఎక్కువసార్లు పవర్‌ఆన్ రీసెట్ అని వస్తోంది. పవర్ పోలేదు! మల్టీమీటర్ పెట్టుకుని చూస్తున్నాను, 5 వోల్టులు కదలడం లేదు, అయినా ఇప్పుడే కరెంటు వచ్చినట్టు లేస్తోంది. (తర్వాత తెలిసింది, చిప్‌ని ఆన్, రీసెట్ చేసే ఈఎన్ పిన్ మీద ఒక్క క్షణం వోల్టేజ్ పడిపోయినా చిప్ అదే కారణం చూపిస్తుంది. అంత చిన్న క్షణం మల్టీమీటర్‌కి కనబడదు.)

ఇక్కడ నెట్‌లో ఎక్కువమంది ఇచ్చే సలహా మీద నాకు నిజంగా కోపం ఉంది. బ్రౌనౌట్ డిటెక్టర్‌ని ఒక లైన్ కోడ్‌తో ఆపేయమంటారు. జ్వరం వచ్చిందని థర్మామీటర్ పగలగొట్టినట్టు ఉంటుంది అది. వోల్టేజ్ పడిపోతోందని చిప్ చెబుతుంటే దాని నోరు మూయించి, ఆ చిప్ చేతిలో 230 వోల్టుల మోటార్ పెట్టడం బాధ్యత ఉన్నవాడు చేసే పని కాదు. అది రాసినవాళ్ళు బహుశా బల్బుకి మించి ఏదీ నడిపి ఉండరు.

ఇంతలో బోనాల ఆదివారం వచ్చింది. ఇంటినిండా చుట్టాలు, అత్తగారి వైపు వాళ్ళు కూడా. పొద్దున్నే బోనం వండటానికి నీళ్ళు పట్టబోతే కుళాయి బుస్సుమంది. పైన చూస్తే ట్యాంకు అడుగంటింది, కింద కాంటాక్టర్ కొట్టుకుంటోంది. నాన్నగారు ఎవరినీ ఏమీ అనకుండా ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశారు. ఆయన వచ్చి, అందరూ చూస్తుండగా నా బాక్స్ వైర్లు పీకేసి, పాత స్విచ్ కలిపి, "సార్, ఇసొంటివి లాప్‌టాప్‌ల మంచిగుంటయ్" అన్నాడు. మా బావమరిది గట్టిగా నవ్వాడు. పదిమందిని నడిపే టీమ్ లీడ్‌ని, ఇంట్లో పండగపూట నీళ్ళు రానివ్వనివాడిగా నిలబడ్డాను. ఆ రోజు భోజనం సహించలేదు.

మర్నాటి నుంచి పద్ధతి మార్చాను. కోడ్ ముట్టుకోలేదు. ఒక్కొక్కటే విడదీస్తూ వెళ్ళాను. ఛార్జర్ తీసేసి పవర్ బ్యాంక్‌తో నడిపాను, అయినా రీసెట్. అంటే మోటార్ లాగినప్పుడు ఇంటి కరెంటు డౌన్ అవడం కారణం కాదు. రిలే మాడ్యూల్ మీద జేడీ వీసీసీ జంపర్ (రిలే పవర్‌ని చిప్ వైపు పవర్‌తో కలిపే చిన్న క్లిప్పు) తీసి రిలేకి వేరే 5 వోల్టులు ఇచ్చాను, అయినా రీసెట్. మోటార్ వైర్లు తీసేసి కాంటాక్టర్ ఒక్కటే కొట్టించాను, రీసెట్. కాంటాక్టర్ కూడా తీసేసి రిలే ఒక్కటే వందలసార్లు కొట్టించాను, ఒక్కసారి కూడా రీసెట్ కాలేదు. దొంగ కాంటాక్టర్ కాయిల్‌లో, అంటే దాన్ని అయస్కాంతంలా లాగే తీగచుట్టలో, ఉన్నాడని తేలింది, ఏం చేయాలో తేలలేదు.

మా వీధి చివర ఒక అంకుల్ ఉంటారు, ఈసీఐఎల్ అనే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీలో రిటైర్ అయ్యారు. అక్కడ ఈసీ టీవీలు తయారయ్యే కాలంలో ఆ విభాగంలో పనిచేశారట. నాన్నగారు వాకింగ్‌లో చెప్పినట్టున్నారు, ఆయనే వచ్చారు. చేతిలో లాప్‌టాప్ లేదు, మీటర్ లేదు, ఒక పాత ట్రాన్సిస్టర్ రేడియో ఉంది. మీడియం వేవ్‌లో ఏ స్టేషనూ లేని చోట పెట్టి, సన్నగా సుయ్‌మంటున్న దాన్ని నా బాక్స్ పక్కన ఆనించి, "కొట్టు బాబూ" అన్నారు. కాంటాక్టర్ లేకుండా కొడితే రేడియోలో చిన్న టిక్. కాంటాక్టర్ కలిపి కొడితే ఫటర్‌ర్‌ర్ అని మెట్ల గదంతా మోగింది. "నీ చిప్పుకి కూడా ఇదే వినిపిస్తోంది" అన్నారు. నాకు ఒళ్ళు జలదరించింది. ఇన్నాళ్ళూ స్క్రీన్ మీద వెతికింది చెవికి వినబడింది.

ఆయన చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తున్నాను. కాయిల్‌లో పారే కరెంటుని ఠక్కున తెంపితే అది ఊరుకోదు. వోల్టేజ్ వందల్లోంచి వేలల్లోకి ఎగిరి, రిలే కాంటాక్టుల మధ్య నిప్పురవ్వగా దూకుతుంది. ఆన్ చేసేటప్పుడు కూడా కాంటాక్ట్ ఒక్కసారిగా కూర్చోదు, కొన్నిసార్లు ఎగిరెగిరి పడుతుంది, ఎగిరినప్పుడల్లా ఒక రవ్వ. ఆ రవ్వ పుట్టే చోటు కింద కాంటాక్టర్‌లో కాదు, నా బాక్స్‌లోని నీలం రిలేలో, చిప్‌కి రెండంగుళాల దూరంలో. పక్కనే ఉన్న సెన్సర్ వైర్లు యాంటెన్నాల్లాగా దాన్ని పట్టుకుంటాయి. డీసీ కాయిల్ అయితే అడ్డంగా ఒక 1ఎన్4007 డయోడ్ చాలు. ఏసీ కాయిల్‌కి డయోడ్ పెడితే సగం సైకిల్ షార్ట్ అవుతుంది, పెట్టకూడదు. నా కాంటాక్టర్‌ది అదే, దానికి స్నబ్బర్ (ఆ వోల్టేజ్ ఎగురుడుని మింగేసే చిన్న జత) కావాలి: 100 ఓమ్స్ రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, రెండూ సిరీస్‌లో, కాయిల్‌కి అడ్డంగా.

కెపాసిటర్ కోసం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళాను. ఎక్స్2 రకం కావాలి అంటే ఒక కొట్టతను మామూలు 400 వోల్టుల కెపాసిటర్ ఇచ్చి రెండూ ఒకటే అన్నాడు. ఒకటి కాదు. ఎక్స్2 మెయిన్స్ లైన్‌కి అడ్డంగా పెట్టడం కోసమే తయారుచేసిన రకం, పాడైనా మంట అంటుకోకుండా ఉండేలా చేస్తారు, దాని ఒంటి మీదే ఎక్స్2, 275 అని ముద్ర ఉంటుంది. ముద్ర లేనిది ఎవరు ఎంత నమ్మకంగా చెప్పినా తీసుకోకండి. నేను అడిగితే "మీ సాఫ్ట్‌వేర్ వాళ్ళకి అన్నీ డౌట్లే" అన్నాడు. ఇంటికి నిప్పంటుకుంటే ఆయన రాడు. అదే గల్లీలో ఇంకో కొట్టులో సరైనది దొరికింది, ఒక వాట్ రెసిస్టర్‌తో కలిపి యాభై రూపాయలు కూడా కాలేదు.

ఆదివారం ఎంసీబీ దించి, అదే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి, టెస్టర్‌తో చూసుకుని పెట్టించాను. బాక్స్‌లో 230 వోల్టుల వైర్లని ఒక పక్కకి, సెన్సర్ వైర్లని ఇంకో పక్కకి విడదీశాను. ఈఎస్‌పీ32 5 వోల్టుల పిన్ దగ్గర 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి వేశాను. అంకుల్ మళ్ళీ రేడియో పెట్టారు. టిక్. అంతే. సాయంత్రం దాకా కొట్టిస్తూనే ఉన్నాం, ఒక్క రీసెట్ లేదు. బ్రౌనౌట్ డిటెక్టర్ ఆన్‌లోనే ఉంది, కోడ్‌లో ఒక్క లైన్ మార్చలేదు. ఎలక్ట్రీషియన్ "అన్నా, ఆ డబ్బీ నాక్కూడా ఒకటి జేసిస్తవా, కస్టమర్లు అడుగుతరు" అన్నాడు. సార్ పోయి అన్న వచ్చింది, ఆ మాట నేను బావమరిదికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

నాలాగా కోడ్ వైపు నుంచి వచ్చేవాళ్ళు మోటార్ జోలికి వెళితే, ప్రోగ్రాం ఎంత బాగా రాసినా దాని ఒక్కదాని మీదే ట్యాంకుని వదిలేయకండి. పై ట్యాంకులో ఒక మామూలు ఫ్లోట్ స్విచ్ (నీళ్ళ మీద తేలుతూ పనిచేసే స్విచ్) వేలాడదీసి, నీళ్ళు అంచుకి రాగానే తెరుచుకునేలా కాంటాక్టర్ కాయిల్‌కి సిరీస్‌లో పెట్టించండి. చిప్ చచ్చినా, రిలే అతుక్కున్నా మోటార్ ఆగుతుంది. మాకు అది పెట్టాం. సంపు ఎండితే మోటార్ ఉత్తిగా తిరగకుండా కింద కూడా ఒకటి కావాలి, ఆ ఫ్లోట్ తెచ్చి పెట్టాను, వచ్చే ఆదివారం దాని పని.