మొదటి మీటింగ్

నిన్న సాయంత్రం మొదటిసారి ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగ్‌కి వెళ్ళాను. తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుగా కూడే బృందం అది. సికింద్రాబాద్‌లో ఒక చర్చి వెనకాల గది. తెలిసినవాళ్ళు చూస్తారేమోనని గేటు దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కి తిరిగాను. మూడోసారి ఒక పెద్దాయన బయటికొచ్చి, "రా బాబూ, టీ తాగుదువు గాని" అన్నారు. ఎందుకొచ్చావని అడగలేదు.

అక్కడ ఇంటిపేరు అడగరు. ఫీజు లేదు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు. 1935లో అమెరికాలోని అక్రన్‌లో ఒక డాక్టరు, ఒక షేర్ల వ్యాపారి, ఇద్దరూ తాగుడుతో చితికిపోయినవాళ్ళే, ఒకరికొకరు తోడై మొదలుపెట్టారట. (అక్కడ విన్న సొంత కథలు అక్కడే ఉండాలి. అందుకే ఎవరి మాటలూ రాయట్లేదు.)

నా వంతు వచ్చింది. పేరు చెప్పాను. "నేను తాగుబోతుని" అనేసరికి గొంతు పూడుకుపోయింది. పదకొండేళ్ళలో ఆ మాట నా నోటితో నేను అనడం అదే మొదలు. ఎవరూ తల తిప్పుకోలేదు.

ఈ 24 గంటలు తాగకుండా ఉండు, రేపటి సంగతి రేపు చూద్దాం అన్నారు.

ఇంటికొస్తే మా ఆవిడ తలుపు తీసి, అలవాటుగా దగ్గరికొచ్చి వాసన చూసింది. ఏమీ అనలేదు. కంచం పెట్టి, పక్కనే కూర్చుంది.